ఛాంటి తీసుకునే కాలేజీ

నీలం నగర్‌లో యశోదక్కకు కోపం వచ్చిందంటే మా గల్లీలో ఎవరూ ఆశ్చర్యపోరు. రాలేదంటే మాత్రం జ్వరమేమోనని వెళ్లి చూసి వస్తారు. నల్లా ఆలస్యంగా వస్తే నల్లాను తిడుతుంది. తొందరగా వస్తే బిందెలు కడగకముందే వచ్చావని తిడుతుంది. ఆమె మొగుడు పెంటప్ప పవర్‌లూమ్ మీద చద్దర్లు, అదే పేరుమోసిన సోలాపూర్ దుప్పట్లు, నేస్తాడు. మగ్గాల మోతకు చెవులు మందగించాయని డాక్టర్‌కు చెప్పుకున్నాడట. కారణం మగ్గాలేనా అని మా గల్లీకి ఇప్పటికీ అనుమానమే.

ఆ కోపం ఊరికే పుట్టలేదు. దాన్ని పెంచి పోషించింది బీడీ కంపెనీ బ్రాంచి. పెళ్లయి సోలాపూర్ వచ్చినప్పటి నుంచి యశోదక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం బిగించి, కట్టలు కట్టి బ్రాంచికి తీసుకెళ్తుంది. అక్కడ చెకర్ కూర్చుని ఉంటాడు. కట్టను వేళ్లతో నొక్కి చూసి, నచ్చని బీడీలను పక్క బుట్టలోకి విసిరేస్తాడు. అలా పక్కన పడ్డదాన్ని ఛాట్ అంటారు. ఛాట్‌కు కూలి లేదు. పోనీ మా బీడీలు మాకివ్వండి, ఇంటికి తీసుకుపోతామంటే అదీ లేదు. ఇది విని మీకు కోపం రాలేదా? అయితే ఇక చదవకండి, వెళ్లి టీ తాగండి.

పనికిరాని బీడీలను ఎందుకు దాచుకుంటున్నారని మా బ్రాంచిలో మొదట అడిగింది యశోదక్కే. చెకర్ విననట్టు తల దించుకున్నాడు. ఆమె ఛాట్ బుట్ట ఎత్తి ఆ దించుకున్న తల మీదే బోర్లించింది. ఆనాటి నుంచి అతడు ఆమె కట్టలను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని, ఒక్క బీడీ తీయకుండా పక్కన పెట్టేవాడు. ఆ కసిని వరసలో వెనక నిలబడ్డ ఆడవాళ్ల కట్టల మీద తీర్చుకునేవాడు. అది చూసి ఆమెకు మళ్లీ కోపం. ఇలాంటి మనిషికి కోపం తగ్గేదెప్పుడు?

ఈమె కూతురు ఋతుజ. ఈ ఏడాదే పన్నెండో తరగతి అయింది. పుణె అవతల కొండల మధ్య ఒక కాలేజీ ఉంది. పేరు రాయను, రాసినా మా గల్లీలో ఎవరికీ నోరు తిరగదు. ఆ కాలేజీ ఋతుజకు సీటిచ్చింది. చదువు, తిండి, హాస్టల్ అంతా వాళ్లదే. వస్తావో రావో సోమవారం లోపల చెప్పమన్నారు. పిల్ల ఎగిరి వెళ్లిపోవాలని చూస్తోంది. కానీ ఆ ఇంట్లో మాట యశోదక్కది, ఆమె ఇంకా ఊ అనలేదు.

పైగా అది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. మా దగ్గర పదిలో మార్కులు చాలక సైన్స్ దొరకని, కామర్సూ దొరకని పిల్లలను తీసుకెళ్లి ఆర్ట్స్‌లో పడేస్తారు. అందుకని శుభవార్త తెలియగానే గల్లీ ఆడవాళ్లు పరామర్శకు వచ్చారు. ఒకామె ఋతుజ తల నిమిరి, కుట్టుమిషన్ నేర్చుకో బిడ్డా, ధైర్యం విడవకు అని చెప్పి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పంచాయితీ పెట్టారు. భవాని పేట్ నుంచి పెంటప్ప అన్న సిద్ధరాములు వచ్చి, ఎవరూ అడగకుండానే జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. యశోదక్క మేనల్లుడు సందీప్‌కు పుణెలో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం, అతడూ వచ్చాడు. పిల్లల ఇళ్లకు వచ్చి అమ్మానాన్నలతో మాట్లాడే పని మీద ఆ కాలేజీ నుంచి మనీషా అనే మేడమ్ వచ్చింది. ఆమె మాట్లాడింది మరాఠీలోనే, నేను మన భాషలో రాస్తున్నాను. టీ గ్లాసులు మా ఇంటివి, ఆ హక్కుతో నేనూ గడపలో కూర్చున్నాను. యశోదక్క మాత్రం గోడకు ఆనుకుని బీడీలు చుడుతూనే ఉంది.

"మార్కులు మంచిగనే వచ్చినయి గదనే ఋతుజా," సిద్ధరాములు మొదలుపెట్టాడు. "మరి ఆర్ట్స్‌ల ఎందుకు పడ్డవ్?"

"పడలే పెద్దబాపు, ఎక్కిన."

"ఏం నేర్పిస్తరే ఆడ?"

"హిస్టరీ సదువుకోవచ్చు, దాంతోనె లెక్కలు గూడ సదువుకోవచ్చు. మొదటి ఏడాది అన్నీ సూసి, ఏది గావాల్నో మనమే చెప్పొచ్చు."

"అంటే ఏం నేర్పాల్నో వాళ్లకే ఎర్క లేదన్నట్టు!" అని సిద్ధరాములు పెంటప్ప వైపు చూశాడు. పెంటప్ప టీ ఊదుకుంటున్నాడు.

మనీషా మేడమ్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "మా క్లాసుల్లో పిల్లలు తక్కువండీ. ప్రతి ఒక్కరూ రాసింది పంతులు కూర్చుని చదువుతారు. ఇలా ఎందుకనుకున్నావని అడుగుతారు. బట్టీ పట్టింది అక్కడ చెల్లదు," అంది. చేతిలోని రంగుల పుస్తకం తెరిచి చూపించింది. అందులో ఒక చెట్టు కింద పిల్లలు పుస్తకాలు చూసి పగలబడి నవ్వుతున్నారు. చదువుకునేటప్పుడు ఎవరైనా అంతలా నవ్వుతారా? ఆ బొమ్మ తీసినవాణ్ణి పట్టుకుని అడగాలి.

సందీప్ గొంతు సవరించుకున్నాడు. "అత్తా, మా కంపెనీల అసోంటి కాలేజ్‌వాళ్లు ఉన్నరు. మీటింగ్‌ల మస్తు మాట్లాడ్తరు. వాళ్లు మాట్లాడ్తరు, పని మేం జేస్తం. గని సాహెబ్‌లైతున్నది గూడ వాళ్లే. నౌకరి పక్కా అని మాత్రం చెప్పలేం. ఇంజనీరింగ్ జేస్తే ఇంజనీర్ అంటరు. ఇది జేసినంక దీన్ని ఏమంటరు?"

"ఋతుజ అంటరు బావా," అంది ఋతుజ.

సిద్ధరాములుకు తప్ప అందరికీ నవ్వొచ్చింది.

"నేను పోయి సూసొచ్చిన గద, నేను జెప్త," ఋతుజ ముందుకు జరిగింది. "లైబ్రరీల అల్మారాలకు తాళాల్లేవు. ఏ పుస్తకమైన నా అంతట నేనే తీసుకుని కింద గూసొని సదువుకోవచ్చు, ఎవ్వరేమనరు. అది మంచిగుంది. తినేకాడ ఒక పోరి మీదేవూరు అన్నది. సోలాపూర్ అన్న. 'ఓ, చద్దర్!' అన్నది. నా పేరు అడగలే. ఆడున్నోళ్లు చిన్నప్పటిసంది ఇంగ్లీష్‌లనే తిట్టుకుంటరు గావచ్చు, గంత జోరుగ మాట్లాడ్తరు. మన అసోంటోళ్లను వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. అది మంచిగ లేదు."

"నిజమే," అంది మనీషా మేడమ్. "దాన్ని నేను కప్పిపుచ్చను."

యశోదక్క ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా సందీప్‌ను అడిగింది. "మరి దీన్నే ఎందుకు తీసుకున్నరు రా?"

సందీప్ ఛాతీ విరుచుకున్నాడు. "అదే గద అత్తా, దాని షాన్! సెలెక్టివ్ కాలేజ్ అది. దొరికినోళ్లనందర్ని తీసుకోరు. ఛాంటి ఛాంటి తీసుకుంటరు."

కత్తెర ఆగింది.

పుణెలో హిందీ మాట్లాడి మాట్లాడి మావాడికి ఛాంటడమంటే మంచివి ఏరుకోవడమే గుర్తుంది. ఛాట్ అంటే ఈ ఇంట్లో ఏమిటో, మేనత్త చుట్టిన బీడీల మీద పెరిగినవాడే మరిచిపోయాడు. మాట ఒక్కటే. ఏరుకునేవాడు ఒక పక్కన నిలబడి ఆ మాట అంటాడు, ఏరి పారేసింది ఇంకో పక్కన పడి ఉంటుంది.

"ఛాటా?" యశోదక్క లేచింది. ఒళ్లో చాట జారి తంబాకంతా ఆ రంగుల పుస్తకం మీద, నవ్వే పిల్లల మీద పడింది. "నా బిడ్డను ఛాట్‌ల ఏసిన్రా?"

"అయ్యో, ఉల్టా అత్తా! ఛాట్‌ల ఏసుడు గాదు. మంచియి ఏరుకొని..."

"ఏరుకున్నంక మిగిలినయి ఏమైతయి?"

సందీప్ ఇంకా విడమరిచి చెబుతున్నకొద్దీ ఆమె కోపం పెరిగింది. పొరపాటుగా విన్నందుకు వచ్చిన కోపమైతే విడమరిస్తే తగ్గేది. ఆమెకు సరిగ్గానే అర్థమైంది, చిక్కంతా అదే.

"నమ్రతనేం జేసిన్రు?" అంది మనీషా మేడమ్ వైపు తిరిగి.

నమ్రత పక్కింటి పిల్ల. ఋతుజతో కలిసి ఒకే పుస్తకంలో చదివి, ఒకే ఫోన్ ముందు కూర్చుని ఇద్దరూ ఆ కాలేజీకే దరఖాస్తు పెట్టుకున్నారు. నమ్రతకు రాలేదు. వచ్చిన కబురులో చింతిస్తున్నాం అని ఉంది. ఎందుకు రాలేదో లేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల గడప దాటలేదు.

"సీట్లు తక్కువండీ," అంది మనీషా మేడమ్.

"మా చెకర్ గూడ గట్లనే అంటడు. మాల్ ఎక్కువైందంటడు. కంపెనీకి ఎక్కువైతే అది బీడీ తప్పా? ఆ పొల్ల తప్పేందో దానికి జెప్పిన్రా?"

మేడమ్ చీర కొంగుతో పుస్తకం మీది తంబాకు తుడిచి, తుమ్మి, అప్పుడంది. "చెప్పలేదు. మేము ఎవరికీ కారణం చెప్పం. చెప్పాలని లోపల నేనూ పోట్లాడుతూనే ఉన్నాను. కానీ మీకు అబద్ధం చెప్పను. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయితో మాట్లాడింది నేనై ఉన్నా సీటు ఇచ్చేదాన్నని ఒట్టు పెట్టలేను. చాలామంది మంచి పిల్లలకే మేము లేదంటాం."

"గట్లయితే మాకొద్దు. మా బిడ్డ పోదు. పోండ్రి!"

సిద్ధరాములు సంబరంగా తొడ చరుచుకున్నాడు. "గదీ మాట! ఈడనే బీకామ్‌ల ఏద్దాం. బ్యాంక్‌ల..."

"నువ్వు ఊకో బావా! నీ బీకామ్ కోసమని గాదు నేను అనేది."

అప్పుడు లేచింది ఋతుజ. ఆ పిల్లకు కోపం రావడం నేను అంతవరకు చూడలేదు. వాళ్లమ్మకు వచ్చినట్టే ముందు ముక్కుపుటాలకు వచ్చింది.

"నమ్రత పేరు జెప్పి నన్ను ఆపుతవా? నేను పోయి దాన్నే అడిగిన. నువ్వు గూడ పోకుంటే జన్మల మాట్లాడ అన్నది. ఆ పొల్ల ఏడ్సుకుంట గూడ నన్ను పొమ్మన్నది, నువ్వేమో కోపంల పోవద్దంటున్నవ్!"

"ఏందే, గొంతు లేస్తున్నది?"

"లేస్తది! వాళ్లు ఏరుకున్నరు, వాళ్లు ఏరుకున్నరు అంటున్నవ్. నేను ఏరుకున్ననా లేదా అని అడిగినవా? నేను గూడ ఆడికి పోయి సూసిన. మంచి సూసిన, చెడు సూసిన. ఆ చద్దర్ అన్న పోరికి జవాబు జెప్పకుంట వచ్చిన, గది కడుపుల మండుతున్నది. పోయి జెప్పాలె. నేను బీడీ కట్టను గాదమ్మా. కట్టకు నోరుండదు, నాకున్నది. నీ నోరే వచ్చింది. నాకు ఆడికి పోవాల్నని ఉంది. ఇప్పుడు నన్ను పక్కకు ఏస్తున్నది వాళ్లు గాదు, నువ్వు!"

సిద్ధరాములు తొడ మీది చేయి మెల్లగా తీసుకున్నాడు. యశోదక్కకు ఎదురు తిరిగి మాట్లాడిన మనిషి ఇంకా నిలబడి ఉండటం మా గల్లీకి కొత్త.

యశోదక్క కూతుర్ని ఎగాదిగా చూసింది. మెచ్చుకుందో, కొట్టాలనుకుందో ముఖం చూసి చెప్పలేం. తర్వాత మేడమ్ వైపు వేలు చూపించింది.

"ఇను. ఇది వస్తది. నచ్చకుంటే ఇదే వాపస్ వస్తది. మీరు వాపస్ పంపుడు లేదు. చద్దర్ గిద్దర్ అన్నరనుకో, నేనే బస్సెక్కి వస్త."

"రండి," అంది మనీషా మేడమ్. "నిజంగానే రండి. క్లాసులో కూర్చోబెడతాను."

"కూసుండుడు తర్వాత. ముందుగాల లెవ్వు. నమ్రతకు ఎందుకు రాలేదో దాని మొఖం మీద జెప్పుదువు."

"కారణం నాకు తెలియదండీ."

"గదే జెప్పు. తెల్వదని జెప్పు. ఒక మనిషన్న వచ్చి జెప్పాలె గద! మొత్తం కాలేజ్‌ల ఒక్కలకన్న కాళ్లు లేవా?"

మేడమ్ లేచి చెప్పులు వేసుకుంది. ఇద్దరూ పక్కింటికి నడిచారు. మేడమ్ వెనక, యశోదక్క ముందు. తలుపు దడదడలాడింది.

"నమ్రతా! లెవ్వే! ఎన్నొద్దులు పంటవే గట్ల? తల దువ్వుకోకుంటె పాయె, బయటికి రా. కాలేజ్‌వాళ్లు వచ్చిన్రు, ఏమడుగుతవో అడుగు. భయపడకు, నేనున్న. తలుపు తీయకుంటె ఇరగ్గొడ్త, మీ నాయినకు నేనే కొత్తది పెట్టిస్త!"

లోపల గడియ తీసిన చప్పుడయింది. గల్లీ మొత్తం అటు పరుగెత్తింది. సందీప్ చీపురు కోసం వెతుకుతూ తంబాకు మరింత తొక్కుతున్నాడు. యశోదక్క ఇటు తిరిగి మళ్లీ మనసు మార్చుకునే లోపల ఋతుజ ఫోన్ తీసి, కాలేజీకి వస్తున్నానని కొట్టి, పంపేసింది.