ముందే పెట్టిన ‘లేదు’

మా ఆఫీసులో ఆమెను అందరం బటనమ్మ అనేవాళ్ళం. ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో తేల్చడమే ఆమె ఉద్యోగం. రసాయన మందులు కొట్టకుండా పండించే రైతులకు ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మాది. విత్తనం ఎక్కడిది, ఎరువేమిటి, ఏం చల్లారు అన్నవి రైతులు వారం వారం చెప్పాలి. ఇదివరకు కాగితాల మీద రాసేవాళ్ళు. వాటిని చదివేవాళ్ళకు కళ్ళు తిరిగేవి. అవన్నీ ఫోన్‌లోనే తేలిగ్గా నింపేలా యాప్ తయారుచేసే పని బటనమ్మ నెత్తిన పడింది.

ఆమెకు ప్రతిదానికీ కంగారే. లిఫ్ట్ కాస్త కుదిపితే తీగ తెగిందేమో అనుకునే రకం. దానికి తోడు, యాప్ మొదట వాడబోయే రైతుల బృందంలో ఆమె బాబాయే ఉన్నాడు. టమాటా తోట ఆయనది. తండ్రి పోయాక బటనమ్మను చదివించింది ఆయనే. బృందానికంతా కలిపి ఒకటే సర్టిఫికెట్; ఒక్కరు మందు కొట్టినా అందరిదీ ఆగిపోతుంది. అది నియమం.

మట్టి చేతులతో పొలంలో నిలబడి నొక్కాలి కాబట్టి, నొక్కులు ఎంత తక్కువైతే అంత మేలనుకుంది. అందుకే ‘రసాయన మందు కొట్టారా?’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు ముందే పెట్టేసింది. ఎలాగూ అందరూ చెప్పేది అదేగా! మేమంతా భేష్ అన్నాం. మా ఆఫీసులో తెలివికేం కొదవ లేదు మరి.

పంట చేతికొచ్చే వేళకు తనిఖీ అధికారి ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది? ఒక్కరంటే ఒక్కరు కూడా ‘అవును’ అనలేదు. వాళ్ళు నొక్కారా, మీ యాపే నొక్కిందా? ఆ ఒక్క ప్రశ్న అందర్నీ మళ్ళీ అడగండి."

బటనమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. ‘అవును’, ‘లేదు’ బటన్లు రెండూ ఒకే సైజులో, ఏదీ ముందే నొక్కి ఉండకుండా పెట్టి, బాబాయి దగ్గరికి తనే బయలుదేరింది. తర్వాత జరిగింది నాకు తనే చెప్పింది.

బాబాయి షెడ్డులో కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతున్నాడు.

"రామ్మా. ఏంటి, మొహం అలా పీక్కుపోయింది?"

"ఏం లేదు బాబాయ్. ఈ ఒక్కటి మళ్ళీ నొక్కాలి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది. ‘లేదు నొక్కు బాబాయ్, లేదు నొక్కు’ అని ఆమె లోలోపల మొక్కుకుంటూనే ఉంది.

"ఆకులు ముడుచుకుపోతుంటే ఆ గట్టు పక్క కాస్త కొట్టానమ్మా. తోటంతా పోతుందేమోనని భయమేసింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబుదామనే ఫోన్ తెరిచాను. అప్పటికే ‘లేదు’ అని ఉంది. నువ్వు చేసిందేగా, తెలిసే పెట్టుంటావనుకున్నా. నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనిపించింది."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేదాన్నంది.

"ఇప్పుడేం నొక్కమంటావ్?" అన్నాడాయన.

‘లేదు’ అంటే ఎవరికీ తెలియదు. బృందమంతా బతికిపోతుంది, ఆయన పరువూ నిలుస్తుంది.

"నన్ను అడగొద్దు బాబాయ్. జరిగింది నొక్కు."

ఆయన ‘అవును’ నొక్కాడు.

సర్టిఫికెట్ ఆగిపోయింది. బృందం సమావేశానికి ఆఫీసు తరఫున నేనూ బటనమ్మా వెళ్ళాం. బృందం పెద్ద నిప్పులు చెరిగాడు. "ఇంతమంది నోట్లో మట్టి కొట్టావు! అన్ని వారాలూ ‘లేదు’, ‘లేదు’ అని అబద్ధం ఎలా చెప్పావయ్యా?"

బాబాయి తల దించుకున్నాడు. "తప్పు నాదే. కొట్టిందీ నేనే, దాచిందీ నేనే."

యాప్ మాటే ఎత్తలేదాయన. పక్కనే ఉన్న మా వైపు కనీసం చూడలేదు. నాకు సిగ్గేసింది, అయినా కుర్చీలోంచి కదల్లేదు. బటనమ్మ కుర్చీ పట్టుకుని లేచింది.

"ఆ ‘లేదు’ పెట్టింది ఆయన కాదండీ," అంది. "నేను."