లైన్లో ఒకరు తక్కువ

మా చిన్నప్పుడు... గోదావరిఖని క్వార్టర్లలో మా లైనుకు పన్నెండు గడపలు. ఫస్ట్ షిఫ్టు వదిలే సైరన్ మోగగానే నేను అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. చెవులతో మనుషుల్ని లెక్కపెట్టడానికి... పైకే, ఒకటి, రెండు అంటూ.

ఒక్కొక్కరి బూట్లది ఒక్కో చప్పుడు. మా నాయిన ఎడమకాలు ఈడ్చేవాడు. పక్కింటి రాజం కాక వస్తుంటే బూట్లకంటే ముందు టిఫిన్ డబ్బా గలగల వినబడేది. ఆ షిఫ్టుకు మా లైను నుంచి ఏడుగురు పోతే, ఏడుగురూ వచ్చేదాకా నేను అన్నం ముట్టేవాణ్ణి కాదు.

ఆడవాళ్లకు ఇది నచ్చేది కాదు. కోళ్లను లెక్కపెట్టొచ్చు, మేకలను లెక్కపెట్టొచ్చు... బాయిలోకి, అదే బొగ్గుగనిలోకి, దిగిన మనిషిని లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని మా లైన్లో ఒక పట్టింపు.

ఒకరోజు రాజం కాక భార్య పోశమ్మ చిన్నమ్మ మా ఇంటి మీదికే వచ్చింది.

"అక్కా, నీ కొడుకు ఏంది, మొగోళ్లను గొర్లలెక్క లెక్కవెడుతడు? వాని నోరు మంచిది గాదు."

అమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. ఇగ నీ నోట్లకెళ్లి లెక్క రావద్దు."

మిగతా పిల్లలకు ఒట్టంటే గాలిమాట. నాకు మాటంటే మాటే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మూడో రోజు సైరన్ మోగింది. ఆరుగురే వచ్చారు...

రాజం కాక రాలేదు. ఎవరికీ ఫికర్ లేదు. "డబుల్ డ్యూటీ జేస్తున్నడు గావచ్చు" అంటూ చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. తల దీపాలు ఇచ్చి, తిరిగి తీసుకునే ల్యాంప్ రూంలో కూడా అట్లాగే అనుకున్నారట.

కానీ డబుల్ డ్యూటీ చేసే రోజున కాక తన ఖాళీ డబ్బాను మా నాయినతో ఇంటికి పంపేవాడు. ఆ రోజు నాయిన చేతిలో ఒక్క డబ్బానే ఉంది. అలసి వచ్చిన మనిషి, కాళ్లు కడుక్కుని పడుకున్నాడు.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నీడ అరుగు దాటింది. గోడెక్కింది. పొద్దుగూకే వేళకు ఇక ఆగలేక అనేశాను... "కాక డబ్బా రాలే."

చిన్నమ్మ చేతిలో పని కింద పడేసి లేచింది. అందరూ బాయికి ఉరికారు. లోపల ఒక మూలన పైకప్పు కూలి ఉంది. తీసేసరికి కాకకు ప్రాణం లేదు. "ఒళ్లు ఇంక ఎచ్చగనే ఉండె" అని నాయిన అమ్మతో గుసగుసగా అన్నాడు. నాకది కూడా వినబడింది.

ఆ తర్వాత నేను అరుగెక్కితే చాలు, లైన్లో తలుపులు మూసుకునేవి... ఒకదాని తర్వాత ఒకటి.

పెద్దయ్యాక, నాయిన మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం నాకొచ్చింది. బాయిలోకి దింపితే యంత్రాల మోతకు చెవులు మూసుకుని కూలబడ్డాను. "వీడు లోపల పనికిరాడు, ల్యాంప్ రూంల కూసోవెట్టుండ్రి" అన్నాడు పెద్దసారు. ముప్ఫై మూడేళ్లు అక్కడే కూర్చున్నాను. నంబరేసిన దీపాలు, నంబరేసిన గూళ్లు, మాటలు తక్కువ... స్వర్గం! షిఫ్టు అయ్యాక ఒక్క గూడు ఖాళీగా ఉన్నా ఊరుకునేవాణ్ణి కాదు. "డబుల్ డ్యూటీనే తియ్యి, లచ్చన్నా" అనేవాళ్లు. "మనిషిని జూపియ్యి" అనేవాణ్ణి.

రిటైరయ్యాక నిద్ర కరువైంది. మా ఇంటామె కరీంనగర్ డాక్టరు దగ్గరికి గుంజుకుపోయింది. ఆయన మూడుసార్లు పిలిచి, చిన్నప్పటివన్నీ అడిగి, ఆటిజం అన్నాడు. ఆ మాట నేనెప్పుడో మిర్చిబజ్జీల పొట్లం కాగితం మీద చదివాను. నా చదువంతా పొట్లాల మీదిదే. ఆ కాగితం సగం నూనెలో తడిసింది, అందుకే మిగతా సగం తెలుసుకునేసరికి అరవై ఏళ్లు దాటాయి.

మా ఇంటామె గాబరాపడింది. "అంటే అన్‌ఫిటా సార్?" మా దిక్కు డాక్టర్లు రాసేవి రెండే మాటలు మరి, ఫిట్, అన్‌ఫిట్.

"కాదమ్మా, పుట్టుకతోనే ఆయన మెదడు తీరు వేరు. అదృష్టం కొద్దీ దానికి తగిన పనే దొరికింది" అన్నాడాయన.

మొన్న డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని పోశమ్మ చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఎనభైకి దగ్గర పడింది, చూపు ఆనడం లేదు.

"చిన్నమ్మా, నా నోరు చెడ్డది గాదు. లెక్కవెట్టుడు నా మెదడు తీరట. డాక్టరే రాసిచ్చిండు."

ఆమె కాగితాన్ని చాలాసేపు తడిమింది.

"గట్లనా బిడ్డా... మరి గా దినం నీకు ఎప్పుడు ఎర్కైంది?"

నాయిన ఒక్క డబ్బాతో గడపలోకి వచ్చిన క్షణమే. అది ఆమెతో చెప్పలేను, అబద్ధం చెప్పడం నాకు రాదు. లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ లైను లేదు, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. లోపలికి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ లెక్కపెట్టడానికి యంత్రాలొచ్చాయి. వాటిని ఎవరూ నోరు మూసుకొమ్మనరు...

మీ వాడలోనూ నాలాంటి పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. ఏదో చెప్పబోతే మీరు కసిరి ఉంటారు. వాళ్లు ఏం చెప్పబోయారో గుర్తుంటే నాకు రాయండి. గుర్తు లేకపోతే... వాళ్లు ఇంకా బతికే ఉంటే, పోయి అడగండి.