పెన్సిల్ లేని డైరీ

శ్రీనగర్ కాలనీలో మేడమీద వాటాలో అద్దెకుండే సూర్యప్రకాశరావును సినిమావాళ్ళందరూ మేనేజరు గారనే పిలుస్తారు. ప్రొడక్షన్ మేనేజరంటే ఏం పనమ్మా అని పాలు పోసే మల్లమ్మ ఒకసారి అడిగింది. ఆయన భార్య అమ్మాజీ తడుముకోకుండా చెప్పింది.

"సినిమాలో పెళ్ళి జరిగితే తమలపాకుల దగ్గర్నుంచి పెళ్ళికూతురి దాకా అన్నీ వేళకి తెచ్చిపెట్టేది మా ఆయనే. తెర మీద మాత్రం ఆయన కనపడరు. ఇంట్లోనూ అంతే."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా అబద్ధం లేదు. తణుకు దగ్గర పల్లెటూర్లో వాళ్ళ పెళ్ళి డెబ్బై తొమ్మిదిలో జరిగింది. పెళ్ళయిన మూడోనాడు కొత్త దంపతులు అన్నవరం కొండెక్కి సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి. స్టేషనుకి బండి కట్టించారు, అరిసెలు మూటగట్టారు. అంతలో వెంటనే బయలుదేరి రమ్మని షూటింగు నుంచి టెలిగ్రాం వచ్చింది. పెళ్ళికొడుకు కాళ్ళ పారాణి ఆరకుండానే రైలెక్కాడు. వ్రతానికి మొగుడూ పెళ్ళాం పక్కపక్కన పీటల మీద కూర్చోవాలి కదా, అమ్మాజీ ఒక్కతీ వెళ్ళి ఏం చేస్తుంది? అలా ఆగిన వ్రతం పదహారేళ్ళుగా ఆగే ఉంది.

అప్పట్లో కృష్ణానగర్‌లో ఒంటిగదిలో ఉండి, నటుల ఇళ్ళ చుట్టూ సైకిల్ మీద తిరిగిన మనిషి, తన తెలివితోనే పైకొచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక డైరీ, ఒక పెన్ను, ఒక పెన్సిలు ఉండేవి. పెన్నుతో రాసిందంటే ఇచ్చిన మాట. పెన్సిల్‌తో రాసింది ఇంకా ఖాయం కానిది, అవసరమైతే చెరిపేసేది. ఆ వృత్తిలో అందరూ చేసేదే అది. అయితే ఆయన డైరీలో షూటింగులు పెన్నుతోనూ ఇంటి పనులు పెన్సిల్‌తోనూ ఉండేవి. అమ్మాయిని కంటి డాక్టరుకు చూపించడం పెన్సిలు. మేడ మెట్లకు కమ్మీ వేయించడం పెన్సిలు. ఏటా అమ్మాజీ పంచాంగం చూపించి ఒక మంచిరోజు కనుక్కుని ఎదురుగా కూర్చుని రాయించే అన్నవరం కూడా పెన్సిలే. ఏటా దాని మీదకి ఏదో ఒక షూటింగు వచ్చిపడేది. ఆయన రబ్బరుతో రుద్ది, పొడి ఊదేసేవాడు.

తొంభై అయిదులో నిర్మాత ఆదినారాయణ సింగపూర్ వెళ్ళొస్తూ మేనేజరుకు ఒక డిజిటల్ డైరీ తెచ్చి ఇచ్చాడు. మనీపర్సులా తెరుచుకుంటుంది. లోపల చిన్న తెర, శనగపప్పు బద్దలంత మీటలు. చేయాల్సిన పనులన్నీ అందులో పెడితే వేళకి కీచుమంటుంది. పని అయిపోతే మీట నొక్కాలి, పక్కన టిక్కు పడుతుంది. ఆయనకు మనవడు పుట్టినంత సంబరమైంది. కాకపోతే ఆ మీటల మీద ఆయన వేలు పెడితే ఒకేసారి మూడు నొక్కుకునేవి. అందుకని పాత డైరీలో ఉన్నదంతా ఎక్కించే పని పదో తరగతి చదివే కూతురు కుసుమకుమారికి అప్పగించాడు.

ఆ పిల్ల వరండాలో కూర్చుని తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోయింది. పక్కనే అమ్మాజీ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ప్రతి పేజీకి ఇదేమిటి, అదెవరు అని ఆరా తీస్తోంది. డిసెంబరు దాకా వచ్చాక కుసుమ ఆగింది.

"అమ్మా, ఇందులో పెన్సిల్ లేదే. పెన్సిల్‌వి కూడా ఎక్కించేయనా?"

"నాన్నగారు ఏమని చెప్పారు?"

"డైరీలో ఉన్నవన్నీ ఎక్కించమన్నారు."

"మరింకేం. ఉన్నవన్నీ ఎక్కించు." అమ్మాజీ చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. "పద్నాలుగున అన్నవరం ఉందా? దాని కింద రైలు టికెట్లు మూడు, కొండ మీద గది ఒకటి, పట్టుపంచె, పట్టుచీర, జాకెట్టు. అవి కూడా కొట్టు. పట్టదంటావా?"

"పడుతుందిలే. నువ్వు చెప్పు."

అంతే. మర్నాటి నుంచి మేనేజరు గారు ఆ పెట్టె చెప్పినట్టల్లా నడిచాడు. కీచుమంటే లేచేవాడు. కంటి డాక్టరు దగ్గరికి కూతుర్ని తీసుకెళ్ళి, అద్దాలు పెట్టించి, టిక్కు కొట్టాడు. మేడ మెట్లకు కమ్మీ పడింది, టిక్కు. ఇంట్లో తల్లీ కూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అమ్మాజీ మాత్రం కూతురి వంక గుడ్లురిమి, నోరు మెదపొద్దంది.

నవంబరు చివర్లో పెట్టె అన్నవరమని కీచుమంది. ఆయన అప్పుడు ఫిలింనగర్ ఆఫీసులో నలుగురి మధ్య ఉన్నాడు. తెర మీద టికెట్లు, గది, పట్టుబట్టలు, అన్నీ వరసగా కనిపిస్తున్నాయి. చేతిలో ఉన్న సినిమాలో గోదావరి వైపు తీయాల్సిన పాట ఒకటి ఉంది. దాని సంగతే అయి ఉంటుందనుకున్నాడు. దర్శకుణ్ణి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ ఇది దేనికండీ అని అడిగిన రోజున మేనేజరు పరువేం కాను? ఏ పనైనా మేనేజరుకే ముందు తెలిసుండాలి. అడక్కుండానే పనిలోకి దిగాడు. ఎప్పుడూ దొరకని గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్లు దొరికాయి. కొండ మీద సత్రంలో గాలి బాగా వచ్చే గది కుదిరింది. కాస్ట్యూమర్ హనుమంతుకు బట్టల సంగతి పురమాయించాడు. ఒక్కో పని అయినకొద్దీ టిక్కులు పడ్డాయి. రాత్రిళ్ళు ఆయన పడుకున్నాక తల్లీ కూతుళ్ళు ఆ టిక్కులు చూసుకుని మురిసిపోయేవారు.

పదకొండో తారీకున దర్శకుడు కాశీవిశ్వనాథం హడావుడిగా ఆఫీసుకొచ్చాడు. "ప్రకాశరావు గారూ, హీరో గారు పద్నాలుగున ఒక్కరోజు దొరుకుతారట. మిగిలిపోయిన నాలుగు షాట్లు లాగించేద్దాం."

"కుదరదండీ. పద్నాలుగున మనం అన్నవరంలో ఉంటాం కదా."

"అన్నవరంలో మనకేం పనయ్యా?"

మేనేజరు పెట్టె తెరిచి చూపించాడు. దర్శకుడు కళ్ళజోడు సవరించుకుని, మూడు టికెట్లతో పాట ఎలా తీస్తారని అడిగాడు. ఆ ప్రశ్న తనకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని మేనేజరు ఆలోచిస్తుండగానే హనుమంతు బట్టల మూటతో లోపలికొచ్చాడు. ఎర్రగడ్డ నుంచి వస్తాడతను. పాతికేళ్ళుగా జాకెట్లు కుట్టిన చెయ్యి.

"సార్, జాకెట్టు తయారైంది. జర చూసుకోండ్రి."

"ఎవరి కొలతకి కుట్టావు హనుమంతూ?"

"మీరు లేకుంటిరి. మీ ఇంటికి ఫోన్ చేసిన. అమ్మ ఆమె కొలతలే చెప్పింది. మంచిగ రాసుకున్న. గిందుల నా తప్పేముంది సార్?"

దర్శకుడు పడీ పడీ నవ్వాడు. హనుమంతు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. మేనేజరు మొహం కందగడ్డయింది. ఏటా తన చేత్తో చెరిపేసే పేజీ అది అని అప్పటికి వెలిగింది.

"సరే, నవ్వింది చాలు. హీరో గారు మళ్ళీ నెల దాకా దొరకరు. మరి మీరే చూసుకోండి," అన్నాడు దర్శకుడు.

మేనేజరు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. పెట్టె తెరిచి మంచం మీద పెట్టాడు. అమ్మాజీ పులిహోరకు చింతపండు ఉడకేస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, టికెట్ల సంగతి ఒకటి చెప్పాలంటూ జరిగినదంతా నసుగుతూ చెప్పాడు. అమ్మాజీ పొయ్యి తగ్గించింది.

"అయితే షూటింగనుకుని చేశారా ఇదంతా?"

ఆయన మంచం మీది పెట్టె తీసి మూశాడు.

"అదీ సంగతి. ఎప్పుడూ దొరకని టికెట్లకి టిక్కు పడిందంటేనే నాకు అనుమానం రావాల్సింది." నవ్వబోయింది కానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "నాకోసం చేశారనుకున్నానండీ. పద్నాలుగు రోజుల్నుంచి కాలనీ అంతా చెప్పుకున్నాను."

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. ఎవరో తెలియని హీరోయిన్ కోసమైతే రాత్రింబగళ్ళు తిరిగి ఇంత చేశాడు. ఈవిడ కోసమని తెలిసుంటే నవంబరులోనే చెరిపేసేవాడు. తనలో తనే సిగ్గుపడి, లేచి వెళ్ళి ఫోనందుకున్నాడు.

"కాశీవిశ్వనాథం గారూ, ఇచ్చిన డేటు నేనెప్పుడైనా వెనక్కి తీసుకున్నానా? పద్నాలుగు ఇచ్చేశానండీ... ఎవరికా? ఉన్నారొక ఆర్టిస్టు. పదహారేళ్ళుగా కాల్‌షీట్లిచ్చి కూర్చున్నారు. ఈసారి తప్పితే మళ్ళీ ఒప్పుకోరు."

అవతల దర్శకుడు ఏమన్నాడో గానీ ఈయన చెవుల దాకా నవ్వాడు. షూటింగు ఆయన లేకుండానే జరుగుతుందని తేలింది. పద్నాలుగున చేయాల్సిన పనులన్నీ ఆయన చెబుతుంటే కుసుమ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని పనంతా హనుమంతు చూసుకుంటానన్నాడు. "ఫికర్ జేయకుండ్రి సార్. మీరు లేకున్నా సూర్యుడు పొడుస్తడు." మేనేజరు గారికి ఆ మాట అంతగా రుచించలేదు కానీ, రైలెక్కాడు.

పద్నాలుగున అన్నవరం కొండ మీద మండపంలో నలభై జంటలు వరసల్లో కూర్చున్నాయి. కొత్త పెళ్ళికూతుళ్ళ మధ్య అమ్మాజీ, హనుమంతు కుట్టిన జాకెట్టుతో, కొత్త పెళ్ళికూతురిలాగే బిగుసుకుని కూర్చుంది. పంతులు గారు ఆమె కొంగును ఆయన ఉత్తరీయానికి ముడివేసి వెళ్ళారు. కుసుమ వెనకాల గోడకానుకుని చూస్తోంది.

మేనేజరు గారి కళ్ళు ఊరుకోలేదు. ఎడమ వరసలో రెండు పీటలు తక్కువున్నాయి. మూడో జంటకు అరటిపళ్ళు అందలేదు. అటువైపు మైకు గరగరమంటోంది. సంగతేమిటో చూద్దామని లేచాడు. ముడి లాగింది.

"ఎక్కడికండీ?"

"ఆ పీటలు..."

"వాళ్ళకి మేనేజర్లున్నారు. కూర్చోండి."

కూర్చున్నాడు. మొదటి కథ మొదలైంది. ఐదు కథలూ పూర్తయ్యేలోగా ఆయన ఇంకో రెండుసార్లు లేవబోయాడు, రెండుసార్లూ ముడి లాగింది. ఆ చివరిసారి అమ్మాజీకి నవ్వాగలేదు. ఆవిణ్ణి చూసి ఆయనకూ ఆగలేదు. పంతులు గారు పుస్తకం మీంచి తలెత్తి, ఆ రెండో వరస దంపతులు కాస్త నిమ్మళంగా వినాలని మైకులోనే చెప్పారు.