మూసీ తీస్కపోయిన మన్ను

నేను ఉప్పల్ దిక్కున ఒక పరిశోధన ల్యాబుల పనిజేస్త. సముద్రం అడుగు నుంచి గొట్టాలతోని తీసిన మన్నును జల్లెడల కడిగి, ఆరబెట్టి, చిన్న సీసాలల్ల నింపుడు నా పని. ఇన్నేండ్లల్ల సముద్రాన్ని ఒక్కసారి గూడ సూడలే గని, దాని అడుగు మన్ను మాత్రం రోజూ నా చేతులకు అంటుకొని ఉంటది. మా ఇల్లు నాచారంల. నాయిన మూసీ ఒడ్డుకు జర భూమి కౌలుకు తీస్కొని పారాగడ్డి పెంచుతడు, బర్రెలున్నోళ్లకు కోసి అమ్ముతడు.

ఒక వానకాలం మూసీ పొంగి రెండు దినాలు తగ్గలే. నీళ్లు దిగినంక పోయి సూస్తే మా మడి మొత్తం కోసుకపోయింది. గడ్డి పోయింది, దాని కింద మోకాటిలోతు నల్లమన్ను పోయింది, రాళ్లు తేలినయి. అప్పటిసంది నాయినకు ఒక్కకాడ కూసునుడు చాతగాలే. రెండు బుక్కలు తిని కంచం ముందరికెల్లి లేస్తడు. వాకిట్లకు పోతడు, మళ్ల లోపలికొస్తడు. ఆదివారం చర్చిల పాట నడుస్తుంటెనే బయటికి పోయిండు. ఆయన తిరుగుడు సూసి సూసి నాకు గూడ పనిల మనసు నిలవలే. రెండు సీసాల చీటీలు తారుమారు జేసి మాటపడ్డ.

ఒకనాడు పొద్దుగాల నాయిన చాయ్ తాగుకుంట, మన మన్ను ఎటు పోయిందని అడిగిండు. కృష్ణల కలిసి సముద్రానికి పోతదన్న. నువ్వు కడిగేది అదేనా అన్నడు. నువ్వే వచ్చి సూడు అన్న.

మా పెద్ద సైంటిస్టు మేడంను అడిగి, శనివారం నాయినను ల్యాబుకు తోల్కపోయిన. ఆమె కుర్చీ వేసి, నిలువుగ కోసిన గొట్టం ఆయన ముందర పెట్టింది. లోపల పొరలు పొరలుగ బూడిదరంగు మన్ను. నదులు తెచ్చిన సన్న మన్ను, దూరపు ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చిన దుమ్ము, రెండూ కలిసి మెల్లగ అడుక్కు దిగుతయని, వేలెడు మందం పేరాలంటే ఎన్నో తరాలు పడుతదని చెప్పింది. మైక్రోస్కోపుల సూపెట్టింది. నాయిన ఒక కన్ను మూసి మస్తుసేపు సూసిండు.

"దీంట్ల మా మూసీ మన్ను ఉందా మేడం?"

ఆమె గొట్టం మీద వేలు పెట్టింది. "మీకు అబద్ధం చెప్పలేనండి. ఇది మనందరికంటే చాలా ముందటి మన్ను. మీ మడిలోది చాలావరకు దారిలోనే ఆగిపోతుంది, నది వంపుల్లో, డ్యాముల వెనక. బాగా సన్నటిదే సముద్రం దాకా పోతుంది."

నాయిన మనసు ఇంకింత ఇరుగుతదని నేను భయపడ్డ. ఆయన మాత్రం దండం పెట్టి లేచిండు. బయట రోడ్డు పనుల దుమ్ము ముఖం మీద కొడుతుంటే, ఇది గూడ పోతదా అంతదూరం అనడిగిండు. ఏమో, సన్నది పోతదేమో అన్న. ఉప్పల్ చౌరస్తా వచ్చినంక నాచారం దిక్కు తిరగలే, ఏటి దిక్కు నడిచిండు. నేను ఎనుకనే ఉరికినట్టు పోయిన.

మా మడి దాటి కిందికి పోతే, ఏరు వంగినకాడ కొత్త ఒండ్రు పేరుకొని పగుళ్లు బారి ఉంది. నాయిన పిడికెడు తీసి నలిపిండు.

"ఇది మనదేనా నాయినా?"

"ఎవలదైతేంది బిడ్డా. మెత్తగుంది."

ఆ జాగ గూడ మాకు భూమి కౌలుకిచ్చిన పటేల్‌దే. ఆ సాయంత్రమే పోయి అడిగిండు, రాళ్లు తేలిన ముక్క ఇడిసి ఇది తీస్కున్నడు. ఇద్దరం కలిసి గడ్డి కణుపులు నాటినం. సగం ఎండిపోయినయి, సగం పట్టినయి. మొదటి కోత రెండు మోపులే అయ్యింది.

ఇప్పుడు వాన గట్టిగ పడితే నేను చేతిల పని ఇడిసి, ల్యాబు కిటికీకాడికి పోయి, మా కొత్త మడి ఉన్న ఏటి దిక్కు సూసుకుంట నిలబడుత.