అమ్మ కొప్పు, నా జడ

ఆముదం కాగే వాసన ఈమధ్య మళ్ళీ నా చుట్టూ తిరుగుతోంది. నడినెత్తి పలచబడి నా పాపిట వెడల్పవుతోందని మా అమ్మాయి ఒక సీసా కొనుక్కొచ్చి, గరివిడిలో తన వంటింట్లో గరిటెలో వెచ్చబెట్టి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి రాస్తుంది. నాకు ముట్లు ఆగి రెండేళ్ళయింది. ఆ వయసులో చాలామంది ఆడవాళ్ళకి జుట్టు ఇలాగే పలచబడుతుందని విజయనగరంలో డాక్టరమ్మ చాలా మామూలుగా చెప్పింది. ఆ మామూలు మాట మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక్కరికి తెలిసినా బాగుండేది.

మాది కళింగపట్నం వెళ్ళే దారిలో చిన్న ఊరు. వానలు వెనకబట్టే రోజుల్లో గోతుల్లో నానేసిన గోగు కుళ్ళిన వాసన ఊరంతా కమ్ముకునేది. ఆడవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తూ కబుర్లాడుకుంటుంటే, వెదురు గడల మీద ఆరేసిన తెల్లటి నార కట్టల మధ్య మేము దాగుడుమూతలాడుతూ, దొరికినంత నార గడ్డానికి కట్టుకుని ముసలివాళ్ళమైపోయేవాళ్ళం. పొద్దున్న ఉల్లిపాయ కొరుక్కుంటూ చోడి అంబలి, సాయంత్రం ఉడకేసిన గెనుసుగడ్డలు, మధ్యలో ఎండుచేపల గంప వీధిలోకి రాకముందే వచ్చేసే దాని వాసన. బడి ఎరగను. అక్షరాలు నాకు నా పిల్లల పెళ్ళిళ్ళయ్యాక వచ్చాయి.

నేను ఆఖరిదాన్ని. నాకు పదేళ్ళప్పటికే అమ్మ వయసు యాభైకి దగ్గరపడింది. నెలకి మూడు రోజులు వసారాలో విడిగా కూర్చునే అమ్మ ఆ ఏడు అలా కూర్చోవడం మానేసింది. చలికాలంలో కూడా మొహం ఎర్రబడి, చెమటలు పట్టి, పైటకొంగుతో విసురుకునేది. ఒకప్పుడు నా రెండు గుప్పిళ్ళకీ పట్టని కొప్పు నిమ్మకాయంత అయిపోయింది. అయినా గిన్నెలో నూనె అంతా నా తలకే పట్టించి, అరచేతులకి మిగిలిన జిడ్డు తన తలకి రుద్దుకునేది. నా జడ నడుం దిగేది.

మా రాములత్త, నాన్న చెల్లెలు, మా పక్కింట్లోనే ఉండేది. ఒకరోజు అరుగు మీద అమ్మ నాకు జడ వేస్తుంటే చూసి, "ఒసే, ఆడపిల్ల పెరిగితే తల్లి జుత్తు తినేస్తాదే. సూడు, మీ అమ్మ నెత్తి మీదిదంతా నీ ఈపు మీదకొచ్చీసినాది" అంది. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను మాత్రం జడ ముందుకి లాక్కుని, అమ్మది ఎంత తినేశానో అని జానలతో కొలుచుకున్నాను.

అమ్మవారి పండగ దగ్గరపడింది. మా ఇంటి ఘటం ఎప్పుడూ అమ్మే ఎత్తేది. పసుపు నీళ్ళతో స్నానం చేసి, కొప్పు నిండా బంతిపూలు పెట్టుకుని డప్పుల ముందు నడిచేది. ఆ ఏడు పూలు నిలిచేంత కొప్పు లేదు. తలుపు సందులోంచి చూశాను: గోగు నారకి దీపం మసి పూసి, జుట్టులో కలిపి ముడేసుకుని, చేతి అద్దంలో చూసుకుని, లాగేసి, మళ్ళీ ముడేసుకుంటోంది. వేళ్ళన్నీ నలుపు.

చూరులో కొడవలి తీసి చెవి దగ్గరకి నా జడ కోసేశాను. తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను.

"ఇదిగో, నీది నీకిచ్చీసినాను."

అమ్మ కొట్టలేదు. జడ చేతిలోకి తీసుకుని, తెగిన కొస వేలితో తడిమి చూసింది. సరిగ్గా అప్పుడే రాములత్త చేట కోసం వచ్చింది. అమ్మ చేతిలో జడ, పక్కన మసి నార, ఎదురుగా బోడిమెడతో నేను.

"ఓలమ్మో! కొప్పు కోసం కన్నపిల్ల జడ కోసీసినావా వదినా!"

వాకిలి నిండిపోయింది. "నానే కోసుకున్నాను" అని నేను అరిచాను. "ఎంత బాగా నేర్పించినాదో సూడండి" అని వెనకనించి ఎవరో అన్నారు. నేను ఏడ్చినకొద్దీ అమ్మ తప్పు పెద్దదైంది. అమ్మ ఒక్క మాటే అంది: "దాన్నేటీ అనకండి." అదీ ఒప్పుకున్నట్టే లెక్కేశారు.

ఆ ఏడు ఘటం రాములత్త ఎత్తింది. డప్పులు మా గుమ్మం దాటిపోతుంటే అమ్మ వంటింట్లో బూరెలు వేస్తూ ఉండిపోయింది. నా జడని ఒక గుడ్డలో చుట్టి ఎక్కడ పెట్టిందో, తలకి మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. పోయేదాకా నెత్తిన కొంగు తీయలేదు. నా జుట్టు మళ్ళీ పెరిగింది. పెరిగినకొద్దీ అమ్మ దగ్గర తల దువ్వించుకోవడానికి నాకు మొహం చెల్లేది కాదు.

పోయిన నెల ఊరెళ్ళాను. గోగు వేసేవాళ్ళు లేరు, నానబెట్టే గోతులు పూడ్చేసి ఇళ్ళు కట్టారు. రాములత్త మంచం మీద ఉంది, తల దాదాపు బోడి. డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. తల తడుముకుని పకపకా నవ్వింది.

"అదా సంగతి! నాకు కూతుళ్ళు లేపోయినా రాలిపోయినాదేటా అనుకున్నాను."

"అత్తా, ఆ జడ నానే కోసుకున్నాను. అమ్మకి తెలీదు."

నా చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మంచి కూతురివే. పోయిన తల్లి మీద మాట పడనియ్యవు."

ఆ రోజు మా వాకిట్లో నిలబడినవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కతే. నన్ను మెచ్చుకుంటూనే కళ్ళు మూసుకుని నిద్రలోకి జారిపోయింది.