నర్సవ్వను నేను ఎత్తుకుపోయిన రోజు

ముసలమ్మలను ఎత్తుకుపోయే ముఠా ఒకటి మా నారాయణఖేడ్‌లో దిగిందని ఆమధ్య ఊళ్ళో ఫోన్లన్నీ మోగిపోయాయి. ఆ ముఠాలో ఎంతమంది ఉన్నారో, నాయకురాలెవరో నాకు బాగా తెలుసు. నేనొక్కదాన్నే. అప్పుడే నవ్వకండి, అసలు ఘోరం ముందుంది.

అప్పటికి నాకు డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, కొత్త స్కూటీ వచ్చింది. ఈ మూడూ ఒకే మనిషికి ఒకేసారి జరగకూడదు. ఆ ఆదివారం చర్చిలో మా పాస్టరమ్మ, "యేసయ్య ప్రేమను మైకుల చెప్పుడు కాదు, చేతులతోని చూపెట్టున్రి. దూపైనోళ్ళకు నీళ్ళియ్యిన్రి, నడ్వలేనోళ్ళను బండెక్కించుకోన్రి" అంది. అందరూ ఆమెన్ అని ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నారు. నేను మాత్రం తిన్నగా పోయి పెట్రోలు పోయించాను.

మర్నాడు కల్హేర్ అంగడి నుంచి వస్తుంటే ఊరి చివర రోడ్డు పక్కన ఒక అవ్వ కనిపించింది. పీట మీద కూర్చుంది. చేతిలో కర్ర. ముందు ఎండలో పరిచిన కందులు. అవ్వ తన ఇంటి ముందే కూర్చుని కోళ్ళు రాకుండా కాపలా కాస్తోందని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం కాళ్ళు ఆడక, బస్సు దొరక్క, లోకమంతా వదిలేసిన ఒక అభాగ్యురాలు కనిపించింది.

"లే అవ్వా! బండెక్కు, నేను తీస్కపోత" అన్నాను.

అవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది. "వచ్చినవా బిడ్డా! మా మల్లేశం పంపిండా?"

మల్లేశం ఎవరో నాకు తెలియదు. తెలుసుకుందామన్న ఆలోచనా రాలేదు. సాక్ష్యం చెప్పే గడియ వచ్చిందని పొంగిపోయి ఆకాశం వైపు వేలు చూపించాను.

"నన్ను పంపినాయన పైన ఉన్నడు అవ్వా."

"అవ్, పొద్దుగాల్నుంచి పై చెలకల్నే ఉన్నడు" అంటూ అవ్వ కర్ర పక్కన పెట్టి ఎక్కి కూర్చుంది.

ఆమె పేరు నర్సవ్వ. మల్లేశం ఆమె కొడుకు. కళ్ళు మసకబారిన తల్లిని దవాఖానకు తీసుకుపోవడానికి ఎవరినైనా పంపుతానని రేపూ మాపూ అంటున్నాడట. పై చెలక అంటే వాళ్ళ మిట్ట చేను. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. కూర్చున్న అవ్వకు లేని తొందర నా స్కూటీకెందుకని అడిగే పుణ్యాత్ములు ఆ రోడ్డు మీద ఒక్కరూ లేకపోయారు.

"నీకోసం ఒక పెద్ద వైద్యుడు ఎదురుచూస్తుండు అవ్వా" అని దారిలో మొదలుపెట్టాను.

"గట్లనా! పైసలు బాగ తీస్కుంటడా?"

"ఒక్క పైస తీస్కోడు."

"గవుర్మెంటాయననా?"

"ఆయన రాజ్యమే వేరే అవ్వా."

"కర్ణాటకనా?"

గాలి హోరులో సగమే వినబడింది. ఉత్సాహంగా అవునన్నాను.

"మరి కండ్లు మంచిగ చేస్తడా?"

"పుట్టుగుడ్డోనికే చూపిచ్చిండు!"

"అబ్బ! సూది ఏస్తడా?"

"ముట్టుకుంటె చాలు."

అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఇగ జల్దీ పోనియ్ బిడ్డా!"

నా వాక్చాతుర్యానికి నాకే కన్నీళ్ళు వచ్చాయి. మొదటి ప్రయత్నానికే ఒక మనిషి ప్రభువు దగ్గరికి జల్దీ పోనియ్యమంటోంది!

ఖేడ్‌లో చర్చి ముందు బండి ఆపాను. అవ్వ దిగి తలుపు తడిమింది. తాళం.

"డాక్టరేడి?"

"ఏ డాక్టరు?"

"గదే, కర్ణాటకాయన. ఇయ్యాల సెలవా?"

"అవ్వా, నువ్వు రోడ్డు మీద ఎందుకు కూసున్నవ్?"

"రోడ్డేంది? మా ఇంటి ముంగట కూసున్న. కోళ్ళను ఎల్లగొడుతున్న."

సరిగ్గా అప్పుడే మా అమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "బిడ్డా పైలం! ఎర్ర స్కూటీ, పసుపు చున్నీ పిల్ల ముసలోళ్ళను ఎత్తుకపోతుందంట. అందరికి పంపు."

చున్నీ చూసుకున్నాను. పసుపు. స్కూటీ చూసుకున్నాను. అంత ఎరుపు అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

చున్నీని సీటు కింద కుక్కి, అవ్వను ఎక్కించుకుని దవాఖానకు ఉరికించాను. చెప్పినదాంట్లో కొంతైనా నిజం కావాలి కదా! కళ్ళ డాక్టరమ్మ చూసి, పొరలు బాగా ముదిరాయని, ఇంకా ఆలస్యం చేస్తే చూపే పోతుందని చెప్పింది. బయటికొచ్చేసరికి గేటు దగ్గర నా ఎర్ర స్కూటీని చూసి ఆగిన ఆటోలోంచి కల్హేర్ జనం దిగుతున్నారు.

"గిదే! గీ పిల్లనే!" అని ఒకాయన కేక. ఇంకొకాయన నా బండి తాళంచెవి లాక్కున్నాడు.

"మా అమ్మను ఏడికి తీస్కపోతున్నవ్?" మల్లేశం కళ్ళలో నీళ్ళు, చేతిలో కట్టె. ఏది ముందు నా మీద పడుతుందో తెలియలేదు.

"కందులన్ని కోళ్ళు మేసినయి! కడుపులు నిండి ఇప్పుడు నడుస్తనే లేవు!" అని అతని భార్య.

నర్సవ్వే ముందుకొచ్చింది.

"ఏంది లొల్లి? నువ్వే గదరా పంపింది?"

"నేనెవల్ని పంపలే!"

"పైనున్నాయన పంపిండన్నది గద!"

"ఏ పైనున్నాయన?"

అందరూ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు. కానీ గొడవకు డాక్టరమ్మ బయటికొచ్చింది.

"కొడుకువి నువ్వేనా? ఇన్ని దినాలు ఏంజేసినవ్? ఇంక కొన్ని దినాలైతే ఆమెకు చూపే పోతుండె!"

మల్లేశం చేతిలో కట్టె మెల్లగా కిందికి దిగింది. తల్లి మొహం చూడలేక చెప్పులు చూసుకున్నాడు.

"నువ్వు రేపు రేపు అంటివి. గీ పిల్ల అడగకుంటనే తీస్కొచ్చింది. దీన్నేమనకు" అంది నర్సవ్వ.

తాళంచెవి నా చేతికి తిరిగొచ్చింది. కాసేపటికి మల్లేశం తల గోక్కుంటూ, "చాయ తాగుతవా చెల్లె?" అన్నాడు. ఆ చాయలో చక్కెర ఉందో, నా కన్నీళ్ళ ఉప్పుందో ఇప్పటికీ చెప్పలేను.

నర్సవ్వకు ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో చర్చి ముందు ఆటో ఆగింది. నల్లద్దాలతో నర్సవ్వ దిగింది. "అవ్వా!" అని ఎదురెళ్ళిన నన్ను దగ్గరికి పిలిచి, అద్దాలు ఎత్తి, కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేనా బిడ్డా? గొంతు ఇని మంచిగుంటవనుకున్న. పోనీ తియ్. గా కర్ణాటకాయన ఇయ్యాలన్న ఉన్నడా?"

ఆమె వెనక ఆటోలోంచి ఒకరి మీద ఒకరు ఆనుకుంటూ ముసలమ్మలు దిగుతూనే ఉన్నారు. కల్హేర్‌లో కుంటేవాళ్ళలో ఒక్కరూ మిగిలినట్టు లేదు. సంగతి తెలియని పాస్టరమ్మ ఆనందంతో ఎదురెళ్ళింది.

"రండ్రి, రండ్రి! ముందుగాల అందరం మోకాళ్ళ మీద కూసొని ప్రార్థన చేసుకుందాం!"

వచ్చినవాళ్ళలో పెద్దావిడ గడప పట్టుకుని నిలబడిపోయింది. "ఓ అమ్మా, మోకాళ్ళు వంగుతలేవనే గద ఇంత దూరం వచ్చినం!"

గనుక ప్రియులారా, మీ అందరి ఎదుట ప్రమాణము చేయుచున్నాను: ఇల్లెక్కడో అడగక ఏ అవ్వనూ బండెక్కించను. ఎక్కించుకొనినను, దవాఖాన గేటు దాటువరకు వైద్యుడను మాట నా నోట రానియ్యను. ఆమెన్.