మా ఆయన తాగని సారా

మా ఆయన జీవితంలో సారా చుక్క ముట్టలేదు. ఈ మాట నేనంటే విశాఖపట్నం నుంచి తగరపువలస దాకా నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకంటే తను పచ్చి తాగుబోతునని, కట్టుకున్నదాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడినని, యేసు ప్రభువు తనను కాలవ పక్క నుంచి లేపి నిలబెట్టాడని ఊరూరా మైకు పట్టుకుని చెప్పింది ఆయనే. ఆ కట్టుకున్నదాన్ని నేను. తెల్లచీర కట్టుకుని, నెత్తిన ముసుగేసుకుని, స్టేజీ మీద పక్క కుర్చీలో కూర్చునేదాన్ని.

అసలు మనిషి ఎలాంటివాడో చెబుతాను. పోర్టులో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తున కూర్చుని ఓడల్లోంచి బొగ్గు దించే మనిషి, ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కి నన్ను కేకేస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, నల్లనీళ్ళు తూములోంచి పోయేదాకా చూసి, అన్నం తిని పడుకుంటాడు. ఆయనకున్న వ్యసనం నిద్ర ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో కోడలు ఏమనుకుంటుందోనని మా అత్తగారు సిగ్గుపడింది కూడా ఆ నిద్ర చూసే. ఇక కొట్టడమంటారా, మా ఇంట్లో లేచే చెయ్యి ఏదైనా ఉంటే అది నాదే. ఒకసారి పప్పుగరిటె విసిరాను. తగల్లేదు గానీ, తగలాలనే విసిరాను.

చర్చికి ముందు వెళ్ళింది కూడా నేనే. మాది తగరపువలస దగ్గర పల్లె. పొలం, పశువులు, ఇంట్లో దేవుడి పటాలు. పెళ్ళయి విశాఖపట్నం వన్ టౌన్ సందులోకి వచ్చి పడ్డాను. కష్టమేమీ లేదు. రోగం లేదు, దయ్యం పట్టలేదు, మొగుడు మంచివాడు, పిల్లలు బడికి పోతున్నారు. అయినా మధ్యాహ్నాలు అంట్లు తోముతుంటే ఊరికే ఏడుపొచ్చేది. పుట్టింట్లో నేను ఫలానా రైతు కూతుర్ని. అత్తగారింట్లో పెద్దకోడల్ని. సందులో క్రేన్ ఆయన భార్యని. బడి దగ్గర పిల్లల అమ్మని. వీళ్ళంతా ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయాక ఆ గిన్నెల దగ్గర మిగిలింది ఎవరో నాకు తెలిసేది కాదు. ఈ ముక్క మా అమ్మతో అంటే, తిన్నది అరక్క అని తేల్చేసింది.

ఒక ఆదివారం చేపలు కొనుక్కుని వస్తుంటే వాన పట్టుకుంది. మా సందు చివర ఒక మేడ మీద చిన్న చర్చి ఉంది. మెట్ల కింద నిలబడినా తడిసిపోతున్నానని పైకెళ్ళి, వెనక చాప మీద సంచీతో సహా కూర్చున్నాను. చేపల వాసనకి పక్కనున్నావిడ దూరంగా జరిగింది. పాస్టరు గారు తప్పిపోయిన గొర్రె గురించి చెబుతున్నారు. ఆ ఒక్కదాని కోసం కాపరి మంద మొత్తాన్ని వదిలేసి వెతుక్కుంటూ పోయాడట. నాకు ముందు కాపరి మీద కోపం వచ్చింది. మా ఊళ్ళో ఎవడైనా అలా వదిలేసి పోతే సాయంత్రానికి సగం మంద ఉండదు. ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. అలా బుద్ధి లేకుండా నా కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. వాన వెలిసినా నేను లేవలేదు. చేపలు కాస్తా పాడయ్యాయి.

మా ఆయన వచ్చింది మాత్రం అన్నం కోసం. ఆదివారాలు వంట ఆలస్యమవుతోందని నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఫ్యాను కింద చోటు దొరికితే కూర్చుని, కూర్చున్నవాడు నిద్రపోయాడు. అలా నిద్రపోతూ, మధ్యమధ్య లేచి వింటూ కొన్నాళ్ళకి నమ్మాడు. ఆ నమ్మకం దొంగది కాదు, ఆ విషయంలో ఆయన్ని నేనేమీ అనను. సముద్రంలో బాప్తిస్మం ఇస్తుంటే పెద్ద అల వచ్చి పాస్టరు గారిని కూడా ముంచేసింది. ఎవరు ఎవరికి ఇచ్చారో ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలియలేదు.

చిక్కంతా సాక్ష్యంతో వచ్చింది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు సంఘం ముందు నిలబడి, ఒకప్పుడు ఎలా ఉండేవాళ్ళో, దేవుడు ఎలా మార్చాడో చెప్పాలి. మా ఆయన లేచాడు. "నాను ముందూ బాగానే ఉండేవోణ్ణండి. ఇప్పుడూ బాగానే ఉన్నానండి. వందనాలు," అని కూర్చున్నాడు. ఎక్కడ హల్లెలూయ అనాలో ఎవరికీ తెలియలేదు. ఆయన తర్వాత లేచిన మనిషి మాజీ రౌడీ. చొక్కా ఎత్తి కత్తిపోటు మచ్చ చూపించాడు. హాలు దద్దరిల్లిపోయింది. భోజనాల దగ్గర అందరూ రౌడీ గారి చుట్టూ చేరారు. మా ఆయన పులిహోర ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గర ఒక్కడే నిలబడ్డాడు.

పాస్టరు గారు అది చూసి, మనిషన్నాక ఏదో ఒకటి ఉంటుంది బ్రదర్, ప్రార్థనలో గుర్తు తెచ్చుకోండి అన్నారు. గుర్తొచ్చింది. ఎప్పుడో తోటి ఉద్యోగి పెళ్ళిలో ఎవరో బలవంతం చేస్తే బీరు నోట్లో పోసుకుని, చేదని ఉమ్మేశాడు. ఆ ఉమ్మేసిన బీరు సాక్ష్యంలో ముందు గ్లాసయింది. గ్లాసు సీసా అయింది. వానాకాలం వచ్చేసరికి సారా అయింది. తర్వాత నా పుస్తెలు తాకట్టుకెళ్ళాయి. ఆ చోటుకి రాగానే కీబోర్డు ఆయన ఏడుపు రాగం అందుకునేవాడు. నేను పుస్తెల్ని గబుక్కున జాకెట్లోకి తోసుకునేదాన్ని. చివరగా నా ఒంటి మీద దెబ్బలు పడ్డాయి. అవి ఊరు మారినకొద్దీ పెరిగాయి.

ఇంట్లో నేను పోట్లాడకపోలేదు. దేవుడి మహిమ కోసమే కదా అనేవాడు. నీ అబద్ధాలు లేకపోతే ఆయనకి మహిమ తక్కువైపోతుందా అని నేననేదాన్ని. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పొద్దంతా క్రేన్ గదిలో ఒంటరిగా కూర్చునే మనిషి నోరు తెరిస్తే జనం వినడం అదే మొదటిసారి. స్టేజీ దిగేటప్పుడు ఆ మొహంలో సంతోషం చూస్తే నా నోరు మూతపడేది. పైగా సందులో ఆడవాళ్ళు జాలిపడి నాకు కూరలు పంపేవాళ్ళు. కూరలు బాగానే ఉండేవి.

అలా నవ్వుకుంటూనే ఒకరోజు గమనించాను. చేపల సంచీతో ఒక్కదాన్నే ఎక్కి, నేనెవరో తెలుస్తుందని కూర్చుండిపోయిన చోట నాకు ఇంకో పేరు తగిలింది. ఆ బ్రదర్ గారి దెబ్బలు తిన్న భార్య. పాతవన్నీ ఎంతో కొంత నిజాలు. ఈ ఆడమనిషి మాత్రం ఎక్కడా లేదు.

ఈలోగా సాక్ష్యం వీడియో మా ఊరు చేరింది. మా అన్నయ్య ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని దిగాడు. ముగ్గురూ తలుపుకి అడ్డంగా నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాలేదు.

"సెల్లీ, ఇన్నేళ్ళు కొడతంటే నాకు సెప్పలేదేటి?" అన్నాడు.

కొట్టలేదని, అదంతా స్టేజీ కోసం అల్లిన కథని చెప్పాను. దెబ్బలు తిన్న ఆడాళ్ళందరూ మొగుణ్ణి ఇలాగే వెనకేసుకొస్తారన్నాడు. మా ఆయన అప్పటికే బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. లోపల్నుంచి, "బావా, నాను కొట్టలేదు బావా," అని ప్రమాణం చేశాడు. అన్నయ్య ఫోను తలుపు దగ్గర పెట్టి సాక్ష్యం వినిపించి, "మరి ఇందులో ఏడుత్తన్నోడు ఎవుడు బావా?" అని అడిగాడు. లోపల కుళాయి విప్పిన చప్పుడైంది. నేను ఉప్మా చేసి పెట్టి, బతిమాలి, ముగ్గుర్నీ బస్సెక్కించాను. తింటున్నంతసేపూ ఆ ఇద్దరూ నా చేతుల మీద మచ్చల కోసం వెతికారు. నా బతుకు గురించి నేను చెబితే నమ్మేవాడు లేకుండా పోయాడు.

దానికీ నవ్వేదాన్నేమో. కానీ ఒక ప్రార్థన కూటం అయ్యాక ఒక పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కొత్తగా పెళ్ళయిన పిల్ల, మా పక్క సందే. ముసుగు ముందుకు లాక్కుంది గానీ, ఎడమ కంటి కింద నలుపు దాగలేదు.

"నువ్వు ఓర్సుకున్నావు కాబట్టే బ్రదర్ గారు మారారు కదక్కా," అంది. "నానూ అలాగే ఓర్సుకుంతన్నాను."

చెయ్యి విడిపించుకుని ఇంటికొచ్చేశాను. ఆ రోజు మా ఆయన మీద వచ్చిన కోపం గరిటెతో తీరేది కాదు. నువ్వు తాగని సారాకి ఆ పిల్ల దెబ్బలు తింటోందని చెప్పాను. దానికాయన, తగరపువలస కూటాలకి బ్యానర్లు కట్టేశారు, అదొక్కటీ అయ్యాక మానేస్తానన్నాడు. పాస్టరు గారికి చెబితే, ఫలితం చూడండి సిస్టర్ అన్నారు. నేను చూసిన ఫలితం ఆ పిల్ల కంటి కింద ఉంది.

తగరపువలసలో సంత దగ్గర మైదానంలో స్టేజీ వేశారు. మా పుట్టింటివాళ్ళందరికీ అది నడిచి వచ్చే దూరం. మా అన్నయ్య చివర్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంఘం వ్యానులో వచ్చినవాళ్ళలో ఆ పిల్ల కూడా ఉంది. మా ఆయన చెప్పుకుపోతున్నాడు. కాలవ వచ్చింది, సారా వచ్చింది, కీబోర్డు ఏడ్చింది. ఆఖర్న నాకు మైకిచ్చి, ఇదంతా నిజమని ఒక్క మాట చెప్పమన్నారు. ఎప్పుడూ చెప్పించేది ఆ ఒక్క మాటే. నేను కళ్ళు తుడుచుకుంటూ ఊ అనేదాన్ని.

ఆ రోజు జాకెట్లోంచి పుస్తెలు పైకి తీశాను.

"ఇయ్యి ఎప్పుడూ తాకట్టుకెల్లలేదు," అన్నాను. "మా ఆయన తాగడు. నన్నెప్పుడూ కొట్టలేదు. కొడితే ఊరుకునే మనిషినీ కాదు నాను. దేవుడి కాడికి దెబ్బలు తిని రాలేదు. సల్లగా ఉన్న ఇంట్లోంచే వచ్చాను. తప్పిపోయిన గొర్రి ఏం పాపం సేసింది? సారా తాగిందా, దొంగతనం సేసిందా? మేత్తా మేత్తా పక్కకెల్లిపోనాది, అంతే. దానికోసమూ ఎతుక్కుంటా వచ్చాడు కదా. ఆ గొర్రిని నాను. మీరనుకుంతన్న మనిషిని కాదు."

నేను వ్యానువాళ్ళు కూర్చున్న వైపు తిరిగాను.

"దెబ్బలు తింతన్నోళ్ళు ఎవురైనా ఉంటే, నన్ను సూసి ఓర్సుకోకండి. నాను ఓర్సుకోలేదు. లేచి వచ్చీయండి."

పాస్టరు గారు మైకు లాక్కుని పాట ఎత్తుకున్నారు. ఏ రాగం వాయించాలో తెలియక కీబోర్డు ఆయన అలవాటు కొద్దీ ఏడుపే వాయించాడు. మా ఆయన కుర్చీలో తల దించుకుని, బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నాడు. ఆయన వేసుకున్నవి చెప్పులు. నాకు జాలేసింది, సిగ్గేసింది. కానీ గుండెలో ఎన్నాళ్ళ నుంచో ఉన్న బరువు దిగిపోయింది. ఆ మైదానంలో నిలబడినది ఎవరో నాకు బాగా తెలుసు.

స్టేజీ వెనక అన్నయ్య ఎదురొచ్చి, ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్పానన్నాను. అంతలో ఆ పిల్ల వచ్చింది. నిజంగానే బ్రదర్ గారు కొట్టలేదా అని అడిగింది. లేదన్నాను. అమ్మావాళ్ళింటికి పోవాలని ఉంది గానీ, బట్టల పెట్టె తెచ్చుకోడానికి ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే భయంగా ఉందంది.

నేను అన్నయ్య వైపు చూశాను. "ఆ రోజు మా ఆయన్ని కొట్టడానికి తెచ్చిన ఇద్దరూ ఖాళీగానే ఉన్నారా?"

ఆ రాత్రి పిల్లని మా ఇంట్లోనే పడుకోబెట్టుకుని, మర్నాడు సాయంత్రం పెట్టె కోసం వెళ్ళాం. పిల్ల, నేను, అన్నయ్య, ఆ ఇద్దరూ. మైదానం నుంచి వచ్చాక మా ఆయన నాతో మాట్లాడలేదు. వస్తావా అని నేనూ అడగలేదు. సందు మలుపులో చూస్తే డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, మొహం నిండా బొగ్గుతో మా వెనకే నడుస్తున్నాడు.

పిల్ల మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. సారా వాసన వీధిలోకి కొట్టింది. అసలు సారా అంటే ఎలా ఉంటుందో మా ఆయనకి ఆ రోజే తెలిసి ఉంటుంది. అన్నయ్యనీ ఆ ఇద్దర్నీ చూసి వాడు పక్కకి తప్పుకున్నాడు. పిల్ల లోపలికెళ్ళి పెట్టె ఈడ్చుకొచ్చింది. అది అందుకోడానికి మా ఆయన ముందుకొచ్చేసరికి, అందరిలోకీ అలుసుగా కనబడ్డాడేమో, వాడు మీదకొచ్చాడు.

"నువ్వెవుడివిరా? ఆ సాక్ష్యాలోడివి కదా?"

మా ఆయన వెనక్కి చూశాడు. అక్కడ దూరడానికి బాత్రూం లేదు. ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు.

"నాను ఈవిడ మొగుణ్ణండి," అని, పెట్టె నెత్తినెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ మాటకి హల్లెలూయ అన్నది నేనొక్కదాన్నే. అన్నయ్య వింటే నవ్వుతాడని మెల్లగా అన్నాను.